ఓపెన్ సోర్స్ సముదాయంలో నమ్మకం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు నమ్మాలని అడిగితే సాధారణంగా వినిపించే సమాధానం ఒకటే: దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, తప్పు ఉంటే ఎవరో ఒకరి కంట పడుతుంది, కంట పడితే సరిదిద్దుతారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే కోడ్ అందుబాటులో ఉండడం వేరు, దాన్ని ఎవరైనా కూర్చుని చదవడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చేది ఆ కోడ్ చుట్టూ పనిచేసే మనుషులు, వారు తమలో తాము ఏర్పరచుకున్న కట్టుబాట్లు. సముదాయం చురుగ్గా ఉండడం గురించి, నమ్మదగినదిగా ఉండడం గురించి మనం విడివిడిగా మాట్లాడుకుంటాం. గత పది పన్నెండేళ్లలో జరిగినవి వరుసగా చూస్తే మాత్రం ఆ రెండూ ఒకే చోట నిలుస్తున్నాయి, ఒకే చోట కూలుతున్నాయి. పనిని, దానితోపాటు వచ్చే అధికారాన్ని ఒకరు ఇంకొకరికి అప్పగించే ఘట్టమే ఆ చోటు.

ఇది తెలుగువారికి దూరపు విషయమేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోనులోనో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనో తెలుగు చదివేటప్పుడు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో ఒత్తులు సరైన చోట కుదురుకోవడం హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడ్) చేసే పని. ఏ అక్షరం కింద ఏ ఒత్తు, ఎంత దూరంలో, ఏ రూపంలో రావాలో ఫాంటులోని సూచనలను చదివి అదే లెక్కగడుతుంది. చాలా ఏళ్లపాటు దాన్ని ప్రధానంగా నడిపించినవారు బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇంజనీరు, ఆయనతోపాటు కొద్దిమంది. కోట్లమంది చదువు, రాత ఆ కొద్దిమంది శ్రద్ధ మీద ఆధారపడి ఉన్నాయి. ఓపెన్ సోర్స్‌లో ఇది మామూలు పరిస్థితి, మినహాయింపు కాదు.

ఈ పరిస్థితిలోని ప్రమాదం 2014 ఏప్రిల్ 7న లోకానికి తెలిసింది. వెబ్‌సైట్లకు, వాటిని వాడేవారికి మధ్య సమాచారాన్ని గుప్తంగా చేరవేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం ఉందని ఆ రోజు ప్రకటించారు. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్‌తోనే అది బయటికి వెళ్లింది. అంటే రెండేళ్లపాటు ఆ కోడ్ ప్రపంచమంతటికీ బాహాటంగానే ఉంది, బ్యాంకులు, ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు దాన్ని వాడుతూనే ఉన్నాయి. ఆ కాలంలో ఓపెన్ఎస్ఎస్ఎల్ మీద పూర్తికాలం పనిచేసిన వ్యక్తి ఒక్కరే. ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. అందరి పని చివరికి ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ తర్వాత, లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అండగా ఉండే లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో పెద్ద కంపెనీలు నిధులు సమకూర్చి, అలాంటి కీలకమైన ప్రాజెక్టులకు సాయం మొదలుపెట్టాయి. అయితే హార్ట్‌బ్లీడ్ పొరపాటున దొర్లిన తప్పు. పదేళ్ల తర్వాత వచ్చినది పొరపాటు కాదు.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఫైళ్లను కుదించే సాధనం. దాదాపు ప్రతి లైనక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. దాన్ని ఫిన్లాండుకు చెందిన లాసె కాలిన్ ఏళ్ల తరబడి ఒంటరిగా, జీతం లేకుండా నిర్వహించారు. 2021 చివర్లో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు ఆ ప్రాజెక్టుకు చిన్న చిన్న ప్యాచ్‌లు (కోడ్‌కు సవరణలు) పంపడం మొదలుపెట్టారు. అవి శుభ్రంగా, పనికొచ్చేవిగా ఉన్నాయి, పంపిన తీరు మర్యాదగా ఉంది. 2022 వేసవిలో వేరే పేర్లతో కొందరు ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులోకి వచ్చారు. ప్యాచ్‌లు నెలల తరబడి పడి ఉన్నాయని, మెయింటెయినర్‌కు (ప్రాజెక్టును నిర్వహించే కాలిన్‌కు) ఆసక్తి పోయిందని, కొత్తవారికి అప్పగిస్తే తప్ప పని సాగదని వారు పదేపదే ఒత్తిడి తెచ్చారు. ఆ పేర్లతో అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ చెప్పుకోదగ్గ పని ఏదీ కనిపించలేదు. కాలిన్ ఓపికగానే సమాధానం ఇచ్చారు. తనకు ఆసక్తి పోలేదని, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వల్ల, మరికొన్ని కారణాల వల్ల తగినంత సమయం ఇవ్వలేకపోతున్నానని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అన్న సంగతి గుర్తుంచుకోవాలని రాశారు. అదే జాబులో జియా టాన్‌కు ముందుముందు పెద్ద పాత్ర ఉండవచ్చని కూడా అన్నారు. 2023 నాటికి రిలీజులు చేసే (కొత్త వెర్షన్లను విడుదల చేసే) అధికారం ఆ పేరు చేతికి వచ్చింది.

ఆ తర్వాత జరిగినదాన్ని కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే రివ్యూ (ఒకరు రాసిన కోడ్‌ను వేరొకరు చదివి పరిశీలించడం) అనే మాటను మనం ఎంత తేలిగ్గా వాడుతున్నామో అక్కడ తెలుస్తుంది. ఫైళ్లను కుదించే సాధనాన్ని పరీక్షించడానికి కావాలనే పాడుచేసిన నమూనా ఫైళ్లు కొన్ని అవసరమవుతాయి. అవి మనిషి చదివేవి కావు, వాటిలో ఏముందో ఎవరూ విప్పి చూడరు. 2024 ఫిబ్రవరిలో అలాంటి రెండు పరీక్ష ఫైళ్లలో దొడ్డిదారి కోడ్‌ను దాచారు. దాన్ని బయటికి తీసి అసలు ప్రోగ్రాములోకి ఎక్కించే చిన్న స్క్రిప్టు మార్పును కోడ్‌లో జరిగే ప్రతి మార్పూ నమోదై అందరూ చూసే గిట్ రిపాజిటరీలో పెట్టలేదు. రిలీజ్ కోసం విడిగా తయారుచేసే కుదించిన ప్యాకేజీలో మాత్రమే పెట్టారు. రిపాజిటరీలోని ప్రతి మార్పునూ ఒకరు రోజూ శ్రద్ధగా చదివి ఉన్నా ఆ స్క్రిప్టు వారి కంట పడేది కాదు. సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ నేరుగా ఎక్స్‌జెడ్‌ను వాడదు. అయితే కొన్ని లైనక్స్ పంపిణీలు (లైనక్స్‌ను ఇతర ప్రోగ్రాములతో కలిపి అందించే డెబియన్ వంటివి) తమ సౌలభ్యం కోసం దానికి, కంప్యూటర్ ఆరంభాన్ని నడిపించే సిస్టమ్‌డీ లైబ్రరీని జతచేశాయి, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ను లోపలికి తెచ్చింది. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ద్వారానికే ఈ విధంగా మారు తాళంచెవి తయారైంది.

దీన్ని పట్టుకున్నది ఏ భద్రతా విభాగమూ కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అభివృద్ధిలో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన పరీక్షల మధ్యలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఉండాల్సిన దానికంటే దాదాపు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించారు, ఆ తీగ లాగితే డొంక కదిలింది. 2024 మార్చి 29న ఆయన బహిరంగంగా ప్రకటించేనాటికి దొడ్డిదారి ఉన్న వెర్షన్లు డెబియన్, ఫెడోరా వంటి వాటి పరీక్ష దశ విడుదలల్లోకి చేరాయి, స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. ఆ లోపానికి తీవ్రత కొలమానంలో పదికి పది పడింది. జియా టాన్ పేరు వెనక ఎవరున్నారో నేటికీ బయటపడలేదు.

కోడ్ బహిరంగం కాబట్టే ఫ్రాయిండ్ మూలం దాకా వెళ్లగలిగారని కొందరు, ఇది కేవలం అదృష్టమని మరికొందరు వాదించారు. రెండూ నిజమే, రెండూ అసలు ప్రశ్నను దాటిపోతున్నాయి. ఆ దాడికి తలుపు తెరుచుకున్నది 2024లో కాదు, 2022లో: అలసిపోయిన ఒక మనిషి, తోడు నిలిచేవారు లేని స్థితిలో, బయటి ఒత్తిడి మధ్య, అందుబాటులో ఉన్న ఏకైక సహాయకుడికి బాధ్యత ఇచ్చినప్పుడు. నమ్మించి గొంతు కోయడానికి దాడి చేసినవారు వాడుకున్నది ప్రతి సముదాయమూ కొత్తవారి నుంచి కోరుకునే గుణాలనే. క్రమం తప్పకుండా పని చేయడం, ఓపిక, మర్యాద, రెండేళ్ల నిలకడ. కనుక ‘కొత్తవారిని అనుమానించాలి’ అన్నది దీని నుంచి తీసుకోదగిన పాఠం కాదని నేను గట్టిగా నమ్ముతాను. తలుపులు మూసుకుంటే ఉన్న ఒక్కరి మీదే భారం మరింత పెరుగుతుంది, ప్రమాదం పుట్టింది ఆ భారం నుంచే. తలుపు తెరిచి ఉంచితే ఇలాంటివారు రావచ్చు, మూస్తే సముదాయమే ఎండిపోతుంది. ఈ చిక్కుముడిని విప్పడానికి ఉన్న దారి ఒకటే: నమ్మకాన్ని ఒకేసారి మొత్తంగా ఇవ్వకుండా విడతలుగా ఇవ్వడం, ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా పెట్టకుండా పంచడం.

ఈ పనిని అందరికంటే ఓపికగా చేసినవారు డెబియన్ వారని నా అభిప్రాయం. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును ఏ కంపెనీ నడపదు. ఇందులో డెవలపర్ హోదా పొందాలంటే మంచి కోడ్ రాయడం ఒక్కటే చాలదు. దరఖాస్తుదారు తన డిజిటల్ సంతకపు తాళంచెవిని ఇప్పటికే ఉన్న డెవలపర్లకు చూపించాలి, వారు సాధారణంగా ముఖాముఖి కలిసి, గుర్తింపు పత్రాలు చూసి, దాన్ని తమ సంతకంతో ధ్రువీకరిస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన ఒకరు పూచీ ఇవ్వాలి. ఆ తర్వాత ఒక పరిశీలకుడు ప్రాజెక్టు సూత్రాల మీద, పద్ధతుల మీద, సాంకేతిక నైపుణ్యం మీద ప్రశ్నలు వేస్తారు. ఇది నెలలు పట్టే వ్యవహారం, దాన్ని విసుగ్గా భావించి మధ్యలో వదిలేసేవారూ ఉన్నారు. అందుకే మధ్యలో ఇంకో మెట్టు ఏర్పాటు చేశారు: డెబియన్ మెయింటెయినర్ హోదా వచ్చినవారు తమకు అనుమతి ఉన్న కొన్ని ప్యాకేజీలను మాత్రమే నేరుగా అప్‌లోడ్ చేయగలరు. పూర్తి డెవలపర్‌కు దేన్నైనా అప్‌లోడ్ చేసే హక్కు ఉంటుంది, అధినేత ఎన్నికలో ఓటు ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా ఇచ్చే అధికారం ఎంతో, అడిగే రుజువు కూడా అంతే ఉండేలా చూశారు.

బాధ్యత తీసుకునేవారి కోసం ఇంత కసరత్తు చేసే డెబియన్, బాధ్యత నుంచి తప్పుకునేవారి కోసం కూడా దారి వేసింది. ఇతర ప్రాజెక్టుల్లో నాకు చాలా అరుదుగా కనిపించేది ఇదే. ప్యాకేజీని ఇక చూసుకోలేనని ప్రకటించడానికి ఒక పద్ధతి ఉంది, అలా ప్రకటించిన వాటి జాబితా అందరికీ కనిపిస్తుంది, దాన్ని ఎవరూ పరువు తక్కువగా చూడరు. చెప్పకుండా కనుమరుగైనవారిని సంప్రదించి, బదులు రాకపోతే వారి ప్యాకేజీలను ఇతరులకు అందుబాటులోకి తెచ్చే బృందం ఉంది. ఒకరి ప్యాకేజీలో అత్యవసరమైన తప్పు ఉంటే, యజమాని స్పందించకపోతే, వేరొకరు నియమాల ప్రకారం సరిదిద్ది అప్‌లోడ్ చేయవచ్చు. ఎక్స్‌జెడ్‌లో కాలిన్‌కు లేనివి ఇవే: నేను అలసిపోయాను అని చెప్పుకోవడానికి ఒక చోటు, చెబితే స్పందించే నలుగురు.

డెబియన్ 1997లో ప్రకటించిన సామాజిక ఒప్పందంలో తమ సమస్యలను దాచబోమన్న హామీ ఉంది. అది 2008లో పరీక్షకు నిలిచింది. 2006లో డెబియన్‌లోనే చేసిన ఒక మార్పు వల్ల ఓపెన్ఎస్ఎస్ఎల్ తయారుచేసే గుప్త తాళంచెవులు ఊహించదగినవిగా మారిపోయాయి. ఒక్కో రకంలో, ఒక్కో పరిమాణంలో సాధ్యమైనవి 32,768కి మించవు. తప్పు పూర్తిగా వారిదే. 2008 మే 13న వారు దాన్ని తమ పేరుతోనే బయటపెట్టి, బలహీనమైన తాళంచెవులను గుర్తించే సాధనాన్ని కూడా అందించారు. లక్షల సర్వర్ల నిర్వాహకులు ఆ వారమంతా తాళంచెవులు మార్చుకుంటూ గడిపారు. అయినా డెబియన్ మీద నమ్మకం చెదరలేదు, ఎందుకంటే తప్పు జరిగినప్పుడు ముందుగా చెప్పేది వారేనని తేలింది.

ఇన్ని నియమాలున్నా సముదాయంలో గాయాలు తప్పవు. కంప్యూటర్ ఆరంభమయ్యే విధానాన్ని మార్చే సిస్టమ్‌డీ మీద 2014లో డెబియన్‌లో జరిగిన వివాదం అందుకు సాక్ష్యం. సాంకేతిక కమిటీలో ఓట్లు సమంగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలింది. ఏళ్ల తరబడి పనిచేసినవారు కొందరు ఆ ఏడాది తప్పుకున్నారు, అసమ్మతివాదులు దేవువాన్ పేరుతో వేరుపడ్డారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది ఇక్కడి విషయం కాదు. ఎవరు నిర్ణయించాలో, ఆ నిర్ణయాన్ని ఎలా ప్రశ్నించాలో ముందే రాసి ఉంది కాబట్టి ఓడినవారికి కూడా తాము ఎక్కడ ఓడామో తెలిసింది, ప్రాజెక్టు మిగిలింది.

అలా రాసి పెట్టుకోని సముదాయానికి ఏమవుతుందో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చూపించింది. సృష్టికర్త గైడో వాన్ రోసమ్ మాటే పైథాన్‌లో దాదాపు మూడు దశాబ్దాలపాటు తుది తీర్పు. 2018లో పెప్ 572 అనే ఒక ప్రతిపాదన మీద చర్చ తీవ్రంగా, వ్యక్తిగతంగా మారింది. దాన్ని ఆమోదించాక, జూలై 12న, ఆయన ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు. వారసుడిని నియమించలేదు, మీరే తేల్చుకోండి అని కోర్ డెవలపర్లకు వదిలేశారు. వారు నెలల తరబడి పలు నమూనాలను పోల్చి, డిసెంబరులో ఓటు వేసి, ఐదుగురు సభ్యుల ఎన్నికైన మండలిని ఎంచుకున్నారు. ఆ నిబంధనల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒకటి: ఒకే యాజమాన్యం కింద పనిచేసేవారు మండలిలో ఇద్దరికి మించి ఉండరాదు. ఏ కంపెనీని అనుమానిస్తున్నామని అందులో చెప్పలేదు, ఏ కంపెనీకీ మెజారిటీ దక్కకుండా చూశారు.

కంపెనీల సంగతి వచ్చింది కాబట్టి లైసెన్సు (కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతులు) గురించి కూడా చెప్పాలి. 2023 ఆగస్టులో హాషికార్ప్ సంస్థ, సర్వర్లను ఏర్పాటుచేసే తన సాధనం టెర్రాఫార్మ్ లైసెన్సును ఓపెన్ సోర్స్ కాని లైసెన్సుకు మార్చింది. కొద్ది వారాల్లోనే పాత కోడ్ ఆధారంగా ఓపెన్‌టోఫు పుట్టింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ అదే దారి పట్టింది, దానికి బదులుగా అదే నెలలో వాల్కీ వచ్చింది. వచ్చిన ప్రతి ప్యాచ్ మీద విస్తృతమైన హక్కులను ఒక కంపెనీ తన చేతిలో ఉంచుకున్నప్పుడు, లేదా మొదటి లైసెన్సే అందుకు వీలిచ్చినప్పుడు ఇలాంటి మలుపు సాధ్యమవుతుంది. లైనక్స్ కెర్నల్‌లో (ఆ వ్యవస్థ మూలభాగంలో) ఎవరు రాసిన భాగం మీద వారికే కాపీరైట్ ఉంటుంది. వేలమంది ఒప్పుకుంటే తప్ప లైసెన్సు మారదు కాబట్టి దాన్ని మార్చడం ఆచరణలో అసాధ్యం. ఈ చెల్లాచెదురుతనమే అక్కడ రక్షణ. ఉచితంగా పని చేసి పెట్టే వాలంటీరు, తన పని రేపు ఎవరి ఆస్తి అవుతుందో ముందే తెలుసుకోవడం అవసరం.

ఇక చురుకుదనం. దాన్ని కొలవడంలో జరుగుతున్న పొరపాటు మనకు మరీ దగ్గరిది. కమిట్‌ల (నమోదైన మార్పుల) సంఖ్య, పుల్ రిక్వెస్టుల (మార్పును చేర్చమని పంపే అభ్యర్థనల) సంఖ్య, స్టార్ల (మెచ్చినవారు వేసే గుర్తుల) సంఖ్య చూసి ప్రాజెక్టు కళకళలాడుతోందనుకుంటాం. 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్‌లో పాల్గొనేలా ప్రోత్సహించే వార్షిక కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్ సందర్భంగా, నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇస్తామన్నందుకు, రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైలులో ఒక విశేషణం చేర్చి పంపినవి వెల్లువెత్తాయి. వాటిలో భారతదేశం నుంచి వెళ్లినవి ఎన్నో ఉన్నాయి. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టడంతో నిర్వాహకులు మొదటి వారంలోనే నిబంధనలు మార్చి, తమకు సమ్మతమని తెలిపిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. అలా పంపినవారిని తప్పుపట్టడం తేలిక, వారికి దొరికిన శిక్షణ అది. ప్యాచ్ పంపడం నేర్పినవారు, ఇంకొకరి ప్యాచ్‌ను చదవడం నేర్పలేదు. ఏ ప్రాజెక్టులోనైనా కొరత ప్యాచ్‌లకు కాదు, వాటిని రివ్యూ చేసేవారికి. ఇప్పుడు కృత్రిమ మేధ ఉపకరణాలతో క్షణాల్లో తయారయ్యే లోప నివేదికలు ఆ కొరతను ఇంకా పెంచుతున్నాయి. చూడటానికి పకడ్బందీగా ఉండి లోపల పస లేని నివేదికలను పరిశీలించడానికే తన బృందం సమయం హరించుకుపోతోందని డేటా బదిలీ సాధనమైన కర్ల్ మెయింటెయినర్ డానియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచి బహిరంగంగా చెబుతున్నారు.

ప్రవర్తన నియమావళులను కూడా ఈ కోణం నుంచే చూడాలి. లైనక్స్ కెర్నల్ 2018 సెప్టెంబరులో అలాంటి నియమావళిని స్వీకరించి, దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు క్షమాపణ చెప్పినప్పుడు, చర్చంతా మెయింటెయినర్లు కొత్తవారితో ఎలా మాట్లాడాలన్న దాని చుట్టూ తిరిగింది. ఎక్స్‌జెడ్ ఉదంతం రెండో వైపును చూపించింది. జీతం లేని మనిషిని ‘ఎందుకు ఆలస్యం చేస్తున్నావు’ అని నిలదీయడం మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే మిగల్లేదు, దాడికి సాధనమైంది. ఆ రోజు ఆ చర్చలో మామూలు వాడుకరి ఒక్కరైనా కాలిన్ పక్షాన నిలబడి ఉంటే, ఆ ఒత్తిడి అంత సులభంగా పనిచేసేది కాదు. చూస్తూ ఊరుకున్న వాడుకరులకు కూడా సముదాయ భద్రతలో భాగం ఉంది.

హైదరాబాదు, బెంగళూరు, విశాఖపట్నాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇలాంటి లైబ్రరీలను తమ ఉత్పత్తుల్లో నిత్యం వాడుతున్నాయి. వాటిలో ఏది నమ్మదగినదో తేల్చుకోవడానికి స్టార్ల కంటే పనికొచ్చే ప్రశ్నలు ఉన్నాయి. గత రెండేళ్ల రిలీజులను చేసినది ఒక్కరేనా? రిలీజ్ ప్యాకేజీని రిపాజిటరీ నుంచి ఎవరైనా మళ్లీ తయారుచేసి సరిపోల్చగలరా? మెయింటెయినర్ రాసిన మార్పును మెయింటెయినర్ కాక ఇంకెవరైనా చదువుతున్నారా? ఇంకొకరికి అప్పగించే పద్ధతి ఎక్కడైనా రాసి ఉందా? జవాబులు నిరాశపరిస్తే ఆ లైబ్రరీని వదిలేయనక్కర్లేదు, చాలాసార్లు వదలడానికి వీలూ ఉండదు. ఒక ఇంజనీరుకు వారానికి కొన్ని గంటలు ఆఫీసు పని కింద కేటాయించి, వచ్చిన లోప నివేదికలను తమ యంత్రాల మీద పునరావృతం చేసి చూడడం, ఇతరుల ప్యాచ్‌లను చదివి అభిప్రాయం రాయడం, రాబోయే రిలీజును ముందుగా పరీక్షించి ఫలితం తెలపడం మొదలుపెట్టించవచ్చు. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. వేర్వేరు కంపెనీల నుంచి అలా ముగ్గురు నలుగురు ఏడాదిపాటు పనిచేస్తే, రెండో సంతకం లేనిదే రిలీజ్ బయటికి వెళ్లరాదన్న నియమం పెట్టుకోవడానికి ఆ మెయింటెయినర్‌కు మనుషులు దొరుకుతారు.